నార్మల్ అని మేమిచ్చిన రిపోర్టు

గోదావరి జిల్లాల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఆసుపత్రి పేరు బయటపెట్టొద్దని రెండుసార్లు రాశారు. పెట్టను. ఎనిమిది పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 38 ఏళ్లు. ఒక ప్రైవేటు బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా టెక్నీషియన్. భర్త వ్యాపారం దెబ్బతిని రెండేళ్లుగా ఇంట్లోనే ఉంటున్నారు. పిల్లల ఫీజులు, అత్తగారి మందులు అన్నీ ఈమె జీతం మీదే.

వాళ్ల ల్యాబ్‌లో వారానికి రెండు రోజులు రక్తంలో రాగి ఎంతుందో చూస్తారు. మెషీన్ మీద కాదు, చేత్తోనే. ఒక మిల్లీలీటరు సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, ప్రోటీన్లు పట్టుకున్న రాగిని వదిలిస్తారు. తర్వాత ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్‌తో పాలు విరిచినట్టు ప్రోటీన్లను విరిచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన తేటను తీసుకుంటారు. అందులో ఆస్కార్బిక్ యాసిడ్, బఫర్, బాతోక్యుప్రోయిన్ డైసల్ఫోనేట్ అనే రియేజెంటు కలిపితే నారింజ రంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 480 నానోమీటర్ల దగ్గర చదివితే రాగి లెక్క తెలుస్తుంది. పాతికేళ్ల క్రితం ఈ పద్ధతిని అక్కడ పెట్టింది ఇన్‌ఛార్జి మాస్టారు. ఈమెకు పిపెట్ పట్టుకోవడం నేర్పిందీ, ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు.

ఆరు వారాల క్రితం 13 ఏళ్ల బాబు శాంపిల్ వచ్చింది. కామెర్లు, చేతుల వణుకు. బడిలో చేతిరాత పాడైందని టీచర్ ఫిర్యాదు చేసిందట. వీళ్ల రిపోర్టులో కాపర్ డెసిలీటరుకు 92 మైక్రోగ్రాములు. వాళ్ల నార్మల్ 70 నుంచి 140. మామూలు కామెర్లేనని వైద్యం నడిచింది. మూడు వారాల తర్వాత హైదరాబాద్‌లో మళ్లీ చేస్తే కాపర్ 52, రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్ 7 మిల్లీగ్రాములు. నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు ఉంగరం కూడా కనిపించింది. విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే పుట్టు జబ్బు) అని తేల్చి మందులు మొదలుపెట్టారు.

బాబు వాళ్లది ఈమె ఉండే వీధే. తల్లి కుట్టుపని చేస్తుంది. "అక్కా, మీ దగ్గర నార్మల్ అన్నారు కదా, మరి అక్కడ అలా ఎందుకొచ్చింది?" అని ఒక్కసారే, కోపం లేకుండా అడిగిందట. అప్పటినుంచి ఈమెకు నిద్ర లేదు.

పాత రిజిస్టర్లు తీసి చూశారు. రియేజెంటు కలపకముందు ఒకసారి, కలిపాక ఒకసారి రీడింగ్ తీయాలని మాస్టారు తన చేత్తో రాసిన పద్ధతిలోనే ఉంది. మూడేళ్ల క్రితం ఇద్దరు స్టాఫ్ మానేశాక, ఒక రీడింగ్ చాలని ఆయనే అన్నారు. మొదటి రీడింగ్ రాసే గడి అప్పటినుంచి ఖాళీ. ఒకప్పుడు 0.015 ఉండే రియేజెంటు బ్లాంక్ (సీరం లేకుండా మిగతావన్నీ కలిపి చదివే గొట్టం) ఏడాదిగా 0.03కూ 0.05కూ మధ్య తిరుగుతోంది. మాస్టారిని అడిగితే కంట్రోల్ (లెక్క ముందే తెలిసిన సీరం) పాసవుతోంది కదా, రికవరీ 97 శాతం వస్తోంది కదా అని కాగితాలు చూపించారు. డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్, "రెండు ల్యాబులు ఎప్పుడు కలిశాయి? ఐరన్ అడ్డొచ్చి ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ ఉంది, ఇప్పుడు తవ్వకు" అన్నారు.

ఈ మూడేళ్లలో ఇలా బయటికెళ్లిన కాపర్ రిపోర్టులు 210. "నోరు మూసుకుని ఉండనా, చెప్పనా, ఉద్యోగం మానేయనా? తప్పు నాదేనా?" అని అడుగుతున్నారు. చివర్లో రెండు సంగతులు చేర్చారు. ఇంట్లో రాగి బిందె నీళ్ల వల్లే ఇదంతా అని బాబు తల్లి అత్తగారితో గొడవ పడుతోందట. బాబు చెల్లెలికి తొమ్మిదేళ్లు. భయపడి ఆ పాపకూ వీళ్ల దగ్గరే కాపర్ చేయించారు. 88 వచ్చింది. "అదొక్కటే ఊరట" అని రాశారు.

అమ్మా,

ముందు ఆ పాప సంగతి చూడాలి. మీరు ఊరట అన్నచోటే నాకు టెన్షన్ పట్టుకుంది.

విల్సన్ వ్యాధిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులూ కలిస్తేనే జబ్బు. బాబుకు వచ్చిందంటే తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంది. కాబట్టి తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇలాంటి పిల్లను సీరం కాపర్ ఒక్కటి చూసి 'ఏమీ లేదు' అని పంపకూడదు. మీ 88 అక్షరాలా నిజమైనా సరే, దేశంలోకెల్లా మంచి ల్యాబ్ ఇచ్చిన 88 అయినా సరే. సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, లివర్ పరీక్షలు, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష, వీలైతే ఈ జబ్బుకు కారణమైన ఏటీపీ7బీ జన్యువు పరీక్ష కావాలి. బాబు జన్యువులో లోపం ఎక్కడుందో తేలితే పాపకు అదొక్కటి చూసినా చాలు.

అందుకని ఇవాళే వాళ్లింటికి వెళ్లి ఈ మాట చెప్పండి: "పాపకు మేం చేసిన పరీక్ష ఒక్కటి చాలదట. బాబును చూస్తున్న డాక్టరుకే పాపనూ చూపించండి." ఈ మాట చెప్పడానికి మేడమ్ అనుమతి అక్కర్లేదు. మీ పద్ధతిలో తప్పుందా లేదా అన్నది తేలాల్సిన పని కూడా లేదు. మిగతా గొడవ ఎటు తిరిగినా ఈ మాట నిజమే. పాపకు జబ్బు ఉన్నా లక్షణాలు రాకముందే తెలిస్తే మందులతో మామూలు జీవితం గడపొచ్చు.

ఇక ల్యాబ్ సంగతి. ఈ పని తెలియని పాఠకుల కోసం ఒక మెలిక ముందు చెప్పాలి. విల్సన్ వ్యాధి అంటే ఒంట్లో రాగి పేరుకుపోవడం. అయినా రక్తంలో మొత్తం రాగి సాధారణంగా తగ్గి కనిపిస్తుంది. సీరంలో ఉండే రాగిలో చాలా భాగం సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ మీద ఎక్కి తిరుగుతుంది. లివర్‌లో రాగిని దాని మీదకు ఎక్కించే యంత్రమే చెడిపోతే ఆ ప్రోటీన్ నిలవదు, దాంతోపాటు రక్తంలో రాగి లెక్కా పడిపోతుంది. రాగి మాత్రం లివర్‌లో, మెదడులో, కంటిపొరలో చేరుతూ ఉంటుంది. అంటే డాక్టర్ ఈ పరీక్షలో వెతికేది తక్కువ అంకెను.

ఇప్పుడు మీ పద్ధతిలో జరగగల తప్పులు ఒక్కొక్కటే తలుచుకోండి. సీరం ఉన్న గొట్టంలో దుమ్ము పడితే రీడింగ్ పెరుగుతుంది. గొట్టం సరిగా కడగకపోతే పెరుగుతుంది. తేటలో సన్నని మడ్డి మిగిలితే పెరుగుతుంది. కామెర్ల పసుపు మిగిలినా పెరుగుతుంది. తగ్గించే తప్పులు లేకపోలేదు. ఆస్కార్బిక్ యాసిడ్ పాతబడితే రంగు పూర్తిగా రాదు. బ్లాంక్ గొట్టంలోనే చెత్త పడితే ఆ రోజు అందరి రాగీ తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఎక్కువ తప్పులు మొగ్గేది పైకే. జబ్బు ఉన్నవాడి తక్కువ అంకెను లేపి నార్మల్‌లో కూర్చోబెట్టే వైపుకే. పైగా కాపర్ రాసి పంపేది ఎవరికి? లివర్ జబ్బు అనుమానం ఉన్నవాళ్లకి. అంటే కళ్లు పచ్చబడ్డవాళ్లకి. మీ తప్పు ఎవరి దగ్గర ఎక్కువయ్యే వీలుందో వాళ్లకే ఈ పరీక్ష ఎక్కువ. అందుకే 'రెండు ల్యాబులు కలవవు' అన్న మాట నాకు చాలదు. రెండు ల్యాబులు అటూ ఇటూ తేడాగా ఉంటే ఆ మాట నడుస్తుంది. ఒకటి ఎప్పుడూ ఒకే వైపు ఒరుగుతుంటే ఎందుకో చూడాలి.

కొంచెం లెక్క వేద్దాం. రాగితో కలిసిన మీ రియేజెంటు రంగు బలం, అంటే మోలార్ అబ్సార్ప్టివిటీ, సుమారు 12,500. మీ పద్ధతిలో సీరం చివరికి మూడింతలకు పలచనవుతుందని రాశారు. ఆ లెక్కన 92 మైక్రోగ్రాములంటే ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో రీడింగ్ 0.060. హైదరాబాద్ చెప్పిన 52 అంటే 0.034. ఒక పిల్లవాడు 'నార్మల్' కావడానికీ కాకపోవడానికీ మధ్య తేడా 0.026. రెండు గొట్టాలు పక్కపక్కన పట్టుకుని చూస్తే కంటికి ఆ తేడా ఆనుతుందో లేదో! ఆ తేడాకు సరిపడా రాగి ఎంతంటే 0.4 మైక్రోగ్రాము. క్యూబ్ ఆకారం అనుకుంటే ఒక్కో పక్క 35 మైక్రాన్లుండే రాగి రేణువు, తలవెంట్రుక మందంలో సగం. మీ బ్లాంక్ 0.03, 0.05 మధ్య తిరుగుతోంది అన్నారు కదా. 0.01 కదిలితే 15 మైక్రోగ్రాములు కదిలినట్టు. పాప 88ని కూడా ఈ లెక్కలోనే చూడాలి. ఆ పిల్లకు కామెర్లు లేకపోవచ్చు గానీ బ్లాంక్ ఊపు అందరికీ ఉంది.

మేడమ్ అన్న ఐరన్ మాట తీసేయండి. సీరంలో ఇనుము కూడా దాదాపు రాగి అంతే ఉంటుంది, అది రంగునిస్తే అసలు ఏ లెక్కా మిగలదు. ఈ రకం రియేజెంట్లను ఎంచుకున్నదే ఆ గొడవ లేకుండా. ఇనుము రంగు ఇవ్వాలంటే ఇలాంటి అణువులు మూడు వచ్చి దాని చుట్టూ కూర్చోవాలి. బాతోక్యుప్రోయిన్‌లో నైట్రోజన్ పక్కనే ఉన్న మిథైల్ గుంపులు ముగ్గురికి చోటు లేకుండా అడ్డుపడతాయి. రాగికి ఇద్దరే చాలు కాబట్టి అది హాయిగా ఇముడుతుంది. రియేజెంటు మీద నింద వేయనక్కర్లేదు.

మాస్టారు చూపించిన కాగితాల గురించి. ఆయన మోసం చేస్తున్నారని నేననుకోను. ఆ కాగితాలు చెప్పే సంగతి వేరు, మీ అనుమానం వేరు, అంతే. రికవరీ అంటే సీరంలో తెలిసినంత రాగి కలిపి అది తిరిగి కనిపిస్తుందా అని చూడటం. కలిపిన 50కి 48 కనిపిస్తే రంగు సరిగా వస్తోందని అర్థం. కానీ ఆ సీరంలో ముందే 0.026 మేర పసుపు కూర్చుని ఉంటే, కలపకముందూ ఉంటుంది, కలిపాకా ఉంటుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేసరికి మాయమవుతుంది. తూకంలో పళ్లెం కింద మైనం ముద్ద అంటుకుని ఉందనుకోండి. కిలో రాయి వేసినప్పుడు కిలో పెరిగిందా అని చూస్తే పెరుగుతుంది, మైనం దొరకదు. రికవరీ 97 వచ్చినా 100 వచ్చినా ఈ తప్పును పట్టుకోలేదు. కంట్రోల్ సీరం కూడా అంతే. అది తేటగా, కామెర్లు లేకుండా వచ్చే సీరం, అందులో బయటపడే పసుపు ఎక్కడిది?

ఆ పసుపును పట్టుకునే ఒకే ఒక్క చోటు మీరు మానేసిన ఆ మొదటి రీడింగ్. బిలిరుబిన్ గట్టిగా కనిపించేది 450, 460 నానోమీటర్ల దగ్గర. దాని తోక 480 దాకా పాకుతుంది. ప్రోటీన్లతో పాటు చాలావరకు విరిగి అడుగున చేరినా, నీళ్లలో కరిగే రకం కొంత తేటలో మిగలొచ్చు. సెంట్రిఫ్యూజ్ చాలక మిగిలిన మడ్డి కూడా అదే పని చేస్తుంది. రియేజెంటు కలపకముందు చదివితే రెండూ దొరుకుతాయి.

అయితే ఇది నా అనుమానమే. బాబు శాంపిల్ తీసిన గొట్టం మూత నుంచి రాగి చేరిందేమో, ఆ రోజు ఆ ఒక్క గొట్టంలోనే దుమ్ము పడిందేమో. రెండు శాంపిళ్ల మధ్య మూడు వారాలు గడిచాయి, లివర్ మంట ఎక్కువగా ఉన్న రోజుల్లో రక్తంలోకి రాగి విడుదలై అంకె కొంత మారి ఉండొచ్చు కూడా. కాబట్టి ఎవరితోనైనా మాట్లాడే ముందు మూడు రోజులు పని చేయండి.

మొదటి రోజు బ్లాంకులు. ఒకేసారి పది బ్లాంకులు పెట్టి చదవండి. సగటు ఎంత అన్నదానికంటే ఎంత ఊగుతున్నాయన్నది ముఖ్యం. బ్లాంక్ ఎత్తుగా ఉన్నా కదలకుండా ఉంటే తీసివేతలో పోతుంది, ఊగితే పోదు. అదే రోజు హెచ్‌పీఎల్‌సీ నీళ్ల (బాగా శుద్ధి చేసిన ల్యాబ్ నీళ్లు) సీసా ఒకటి కొని దాంతో ఇంకో పది పెట్టండి. అవి 0.015కు దిగితే దొంగ మీ డిస్టిల్డ్ వాటర్‌లోనే ఉన్నాడు.

మా ల్యాబ్‌లోనూ ఒకప్పుడు ఈ పీడ ఉండేది. ప్రతి సోమవారం బ్లాంక్ పాడయ్యేది. మేం దాన్ని 'సోమవారం కాపర్' అని నవ్వుకునేవాళ్లం. నాలుగు నెలల తర్వాత, కొత్తగా చేరిన కుర్రాడొకడు నీళ్ల డబ్బాకున్న ఇత్తడి కొళాయి చూపించాడు. ఆదివారమంతా నీళ్లు దాంట్లో నిలవుండి, సోమవారం పొద్దున మొదట పట్టినవాడికి రాగిని పంచిపెట్టేవి. అంతమంది పెద్దవాళ్లం అక్కడే తిరుగుతూ ఎవరం చూడలేదు. మీ డిస్టిలేషన్ ప్లాంటు గొట్టాలు, కొళాయి దేనితో చేశారో చూడండి. గాజు సామాను పది శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, మంచి నీళ్లతో జాడించే అలవాటు ఇంకా ఉందో లేదో కూడా. స్టాఫ్ తగ్గినచోట మొదట పోయేది ఆ నానబెట్టడమే. పిపెట్‌కు రంగు టిప్పులు వాడుతుంటే మాని తెల్లవి తీసుకోండి.

రెండో రోజు మిగిలిపోయిన సీరంలు. అయిదారు కామెర్లవి, అయిదారు కామెర్లు లేనివి తీసుకుని పాత పద్ధతిలో, అంటే మాస్టారు రాసిన అసలు పద్ధతిలో, రియేజెంటుకు ముందు, తర్వాత చదవండి. మొదటి రీడింగ్ కామెర్లు లేనివాళ్లలో 0.005 దగ్గర, ఉన్నవాళ్లలో 0.02, 0.03 వస్తే ఇంకెవరితోనూ వాదించే పని లేదు. అందరిలోనూ ఒకేలా చిన్నగా వస్తే నా అనుమానం తప్పు, మీ మాస్టారు ఆ మేరకు రైటు. అప్పుడు నీళ్ల వైపు, శాంపిల్ తీసిన గొట్టాల వైపు వెళ్లాలి.

మూడో రోజు బాబుది. మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్‌లో అతని సీరం ఇంకా ఒకటిన్నర మిల్లీలీటర్లు ఉందన్నారు. దాన్ని ముందే ఖర్చు పెట్టకండి. ఒక మిల్లీలీటరు మీరు రెండు రీడింగులతో చేయండి. మిగతా అర మిల్లీలీటరు లోహాలు లేని గొట్టంలో, కోడ్ నంబరుతో, అటామిక్ అబ్సార్ప్షన్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఉన్న రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపించండి. వాటికి ఈ పసుపుతో పని లేదు, అవి రాగి పరమాణువునే చూస్తాయి. అక్కడ 50 దరిదాపుల్లో వస్తే తప్పు మీ పద్ధతిలో ఉంది. 90 వస్తే ఆ సీరంలోనే అంత రాగి ఉంది. అది బాబు ఒంట్లోదా, శాంపిల్ తీసినప్పుడు చేరిందా అన్నది వేరే ప్రశ్న. అది మీ బెంచీ మీదది కాదు. పంపడానికి మేడమ్ సంతకం కావాలి. పద్ధతిని సరిచూసుకుంటున్నామని అడిగితే కాదనడం కష్టం.

ఇప్పుడు దారుల సంగతి.

రేపటినుంచి చప్పుడు చేయకుండా రెండు రీడింగులూ తీయడం మొదలుపెట్టొచ్చు. చాలామంది చేసేది అదే. రాబోయే రోగులకు మేలు జరుగుతుంది, ఎవరికీ కోపం రాదు. కానీ మూడేళ్లు ఖాళీగా ఉన్న గడి ఒక తారీఖు నుంచి నిండుతుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు రిజిస్టర్ తిరగేస్తే మొదట కనపడేది అదే. అప్పుడు 'ఎందుకు మార్చారు' అన్న ప్రశ్న మీ ఒక్కరి మీద పడుతుంది. వెళ్లిపోయిన 210 మాత్రం అలాగే ఉంటాయి.

నేరుగా సూపరింటెండెంట్‌కో, గుర్తింపు ఇచ్చే సంస్థకో రాయొచ్చు. పని త్వరగా కదులుతుంది. కానీ చేతిలో రీడింగులు లేకుండా వెళితే అది మాస్టారి మీద ఫిర్యాదుగానే మిగులుతుంది, రాగి మాట వెనక్కి పోతుంది. ఉన్నవాళ్లంతా రెండు పక్షాలైపోతారు. మేడమ్ రీడింగులు చూశాక కూడా వద్దంటే ఈ దారి తప్పదు. ముందు కాదు. అప్పుడు కూడా మేడమ్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, తారీఖుతో కాపీ దగ్గర పెట్టుకున్నాకే. ఉద్యోగానికి ముప్పు లేదని నేను అబద్ధం చెప్పను. ఉంటుంది. ఆ అడుగు వేసేముందు ఇంట్లో మీ ఆయనతో కూర్చుని మాట్లాడండి.

మానేయడం అంటారా? మీరు వెళితే ఆ ఖాళీ గడి గురించి తెలిసిన చివరి మనిషి వెళ్లిపోయినట్టు.

నాకు నచ్చేది మధ్య దారి. మూడు రోజుల పని అయ్యాక ముందు మాస్టారి దగ్గరకు, ఆయనతో కలిసి మేడమ్ దగ్గరకు. మాస్టారి దగ్గరకు వెళ్లేటప్పుడు రీడింగుల కాగితంతో పాటు ఆయన చేతిరాతతో ఉన్న ఆ పాత పేజీ తీసుకెళ్లండి. "మీరు తప్పు చేశారు" అనే పని ఉండదు. "మీరు రాసిందే రైటు సార్, మనం దాన్ని వదిలేశాం" అనొచ్చు. అది పొగడ్త కాదు, ఉన్న సంగతి. పాతికేళ్ల క్రితం ఆ వాక్యం రాసినాయనకు కామెర్ల సీరం గురించి తెలుసు. స్టాఫ్ లేక, వయసు మీద పడి వదిలేశారు. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషికి తన పద్ధతిని తనే సరిచేసి వెళ్లే అవకాశం ఇస్తే తీసుకుంటారనే నా నమ్మకం. తీసుకోకపోతే బాధపడండి, ఆగకండి.

మేడమ్ దగ్గర ఇన్‌స్పెక్షన్ మాటనే తిప్పి చెప్పండి. వచ్చేవాళ్లు చూసేది కాగితం మీది పద్ధతికీ బెంచీ మీది పనికీ పొంతన ఉందా అని. మనమే పట్టుకుని, కొలిచి, దిద్దుకున్నామని ఒక పేజీ ఉంటే అది ఆమెకు అండ. వాళ్లే పట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు నేను చెప్పాల్సింది లేదు. తేలేదాకా కామెర్ల శాంపిళ్లను బయటి ల్యాబ్‌కు పంపమని అడగండి. రోగికి కొంత ఖర్చు, నాలుగు రోజుల ఆలస్యం. అయినా అది నయం. కాపర్ అడిగిన ప్రతిసారీ సెరులోప్లాస్మిన్ కూడా చేయమని డాక్టర్లకు నోట్ పెట్టించండి. ఒక మిల్లీగ్రాము సెరులోప్లాస్మిన్ సుమారు 3.15 మైక్రోగ్రాముల రాగిని మోస్తుంది. బాబు 7 మిల్లీగ్రాములు మోసేది 22. హైదరాబాద్ 52లోంచి అది తీస్తే 30 మిగిలింది, 25 దాటితేనే అనుమానం. మీ 92లోంచి తీసి ఉంటే 70 మిగిలేది. ఆ 70ని చూసి ఎవరో ఒకరు ఉలిక్కిపడేవాళ్లు.

210 మందినీ పిలిపించాలని భయపడకండి. బిలిరుబిన్ కూడా మీ ల్యాబే చేస్తుంది కాబట్టి అదే రోజు బిలిరుబిన్ ఎక్కువున్నవాళ్లు రిజిస్టర్లోనే దొరుకుతారు. వాళ్లలో కాపర్ నార్మల్‌లో కింది భాగాన వచ్చినవాళ్లు, నలభై ఏళ్ల లోపువాళ్లు ముందు. వాళ్ల పేర్లు పంపిన డాక్టర్లకు వెళ్లాలి, మళ్లీ చేయించమని. ఆ ఉత్తరం మీద సంతకం మేడమ్‌ది ఉండాలి, మీది కాదు. గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల లెక్క వేరు. వాళ్ల రాగి సహజంగానే పెరుగుతుంది, ఆ కొన్ని రిపోర్టులు డాక్టర్లు విడిగా చూసుకోవాలి.

బాబు తల్లికి ఏం చెప్పాలి? వీధిలో, ఒక్కరే, ఏమీ తేలకుండా ఒప్పుకోలు పెట్టుకోవద్దు. అలాగని మళ్లీ అడిగితే తప్పించుకోవద్దు. "మా రీడింగ్ తప్పు వచ్చి ఉండొచ్చు, ఎందుకో చూస్తున్నాం, తేలాక డాక్టర్‌గారి చేత చెప్పిస్తాం" అనండి. ఆ మూడు వారాల ఆలస్యం బాబుకు ఎంత చేసిందో అతన్ని చూస్తున్న డాక్టరే చెప్పగలరు. నేను చెప్పగలిగింది ఒకటి. 1912లో కిన్నియర్ విల్సన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు దీనికి మందు లేదు. 1956లో జాన్ వాల్షే పెనిసిలమిన్ తెచ్చాక ఇది మందులతో నిలిచే జబ్బయింది. మందు జీవితాంతం మానకూడదన్న మాట ఆ తల్లికి గట్టిగా పట్టించాలి, బాగయిందని మానేసేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు.

బిందె గొడవ కూడా మీరే తీర్చేయండి. అత్తగారి బిందె వల్ల విల్సన్ వ్యాధి రాదు, అది పుట్టుకతో వచ్చింది. ఇప్పుడు జబ్బు ఉందని తేలాక మాత్రం బాబు రాగి పాత్రలో నిలవున్న నీళ్లు తాగకూడదు. కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో కాచిన పాలు తాగిన పసిపిల్లలకు వచ్చే వేరే లివర్ జబ్బొకటి మన దేశంలో ఉండేది. 1983లో పుణెలో ఆ పాలకూ జబ్బుకూ ఉన్న సంబంధం గురించి రాశారు. ఆ మాటా ఈ మాటా కలిసిపోయి పెద్దావిడ మీద పడినట్టుంది.

తప్పు మీదేనా అన్నారు. మొదటి రీడింగ్ మానేయమన్నప్పుడు ఎందుకని అడగలేదు, ఆ మేరకు మీది. మానేయమన్నది మాస్టారు. ఏడాదిగా ఊగుతున్న బ్లాంక్ రోజూ సంతకం కోసం మేడమ్ టేబుల్ మీదకు వెళ్లింది. వణుకు, కామెర్లు, 13 ఏళ్ల వయసు ఎదురుగా ఉండగా ఒక్క కాపర్ అంకె చూసి ఆగిపోయిన డాక్టర్ వాటా కూడా ఉంది. మీ వాటా మీరు తీసుకోండి, మిగతావాళ్లది మోయకండి.

చివరిగా ఒక తొందర పని. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడితే ప్రతి ల్యాబ్‌లోనూ ఫ్రీజర్ ఖాళీ చేస్తారు. బాబు సీరం గొట్టం మీద రేపు పొద్దునే మీ చేత్తో 'పారేయవద్దు' అని రాసి, కింద మీ పేరు, తారీఖు వేసి, వెనక అరలో పెట్టండి.